కొత్త ప్లాంటెడ్ ట్యాంక్ (మొక్కలు నాటిన చేపల తొట్టి): పీహెచ్ 8.4 నుంచి దిగట్లేదు, నియాన్లు పోతున్నాయి. నెల్లూరు బోరు నీళ్లు

వేదాయపాలెం_నాన్న | నెల్లూరు | మే 4, రాత్రి 9:52

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదువుతూనే ఉన్నాను, రాయడం ఇదే మొదలు.

మా పాప పుట్టినరోజుకి మూడడుగుల తొట్టి కట్టించాను. 3 అడుగుల పొడవు, 1 వెడల్పు, 1.25 ఎత్తు. మొక్కలు నాటి ఈరోజుకి 19 రోజులు. వాలిస్నేరియా, హైగ్రోఫిలా, రెండు అమెజాన్ స్వోర్డ్, నాలుగు క్రిప్టోకొరైన్ పెట్టాను. కింద ఇసుక. పంచదార, ఈస్ట్ కలిపిన రెండు లీటర్ల బాటిల్‌తో కార్బన్ డయాక్సైడ్ ఇస్తున్నాను. లైటు రోజుకి పది గంటలు.

ఎనిమిదో రోజు 10 నియాన్ టెట్రాలు, 6 మోలీలు వేశాను. మోలీలు బాగానే తిరుగుతున్నాయి. నియాన్లు రోజుకొకటి చొప్పున పోతూ ఇప్పుడు నాలుగు మిగిలాయి. నీళ్లు పాలు కలిపినట్టు తెల్లగా ఉన్నాయి. షాపులో ఇచ్చిన పీహెచ్ తగ్గించే పొడి నాలుగుసార్లు వేశాను. వేసిన గంటకి 7.2 చూపిస్తుంది, మర్నాటికి మళ్లీ 8.4.

ఈరోజు సాయంత్రం చుక్కల కిట్‌తో చూసినవి: పీహెచ్ 8.4, అమోనియా 1 పీపీఎం, నైట్రైట్ 2, నైట్రేట్ 5. నీళ్ల వేడి 30 డిగ్రీలు. పాప పొద్దున లేవగానే తొట్టి దగ్గరికి వెళ్లి చేపలు లెక్కపెట్టుకుంటోంది. దానికి చెప్పలేకపోతున్నాను. దయచేసి ఎవరైనా దారి చూపించండి.

ఆత్మకూరు_కుర్రాడు | మే 4, రాత్రి 10:05

అన్నా, నీళ్లన్నీ తీసేసి, ఫిల్టర్ స్పాంజి కుళాయి కింద బాగా కడిగి మళ్లీ కొత్త నీళ్లు పోయండి. నాకు అట్లానే సెట్ అయింది.

కావలి_రొయ్యలల్యాబ్ | మే 4, రాత్రి 10:21

తమ్ముడూ, ఆ పని మాత్రం చేయించొద్దు. చేపల విసర్జనలోంచి వచ్చే అమోనియాని తినే బ్యాక్టీరియా నీళ్లలో తేలుతూ ఉండదు. స్పాంజికి, ఇసుకకి, రాళ్లకి అంటుకుని పెరుగుతుంది. నైట్రైట్ 2 ఉందంటే అమోనియాని నైట్రైట్‌గా మార్చే మొదటి జాతి అప్పుడే పని మొదలెట్టిందని అర్థం. నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చే రెండో జాతి నిదానంగా వస్తుంది. ఇప్పుడు స్పాంజిని క్లోరిన్ కుళాయి కింద కడిగితే 19 రోజుల పని గంగలో కలిసినట్టే.

నాన్నగారూ, కంగారు పడకండి. నాలుగు విషయాలు తెలియాలి. తొట్టిలో కేహెచ్ (పీహెచ్‌ని నిలబెట్టే బైకార్బనేట్), జీహెచ్ (కాల్షియం, మెగ్నీషియం వల్ల వచ్చే గట్టిదనం) ఎంత? బోరు నీళ్లలో విడిగా ఎంత? పీహెచ్ రేపు ఉదయం లైటు వేయకముందు ఎంత? తొట్టిలో ఇసుక, రాళ్లు ఎక్కడివి? ఈలోగా మేత ఆపేయండి. మూడు రోజులు తినకపోయినా చేపకి ఏమీ కాదు. ఆ పొడి మళ్లీ ముట్టుకోవద్దు.

వేదాయపాలెం_నాన్న | మే 5, ఉదయం 7:10

అన్నా, రాసుకోండి. పొద్దున ఆరింటికి పీహెచ్ 7.6. తొట్టి నీళ్లకి కేహెచ్ కిట్‌లో నీలం రంగు పసుపుకి తిరగడానికి 15 చుక్కలు పట్టాయి, అంటే 15. జీహెచ్ 24. బోరు నీళ్లు విడిగా చూస్తే కేహెచ్ 11, జీహెచ్ 19. ఇసుక పెన్న ఇసుకే, పదిసార్లు కడిగి పోశాను. రాళ్లు ఇల్లు కట్టినప్పుడు మిగిలిన బేతంచెర్ల బండ ముక్కలు. వాటితో వెనకవైపు మెట్లలాగా పేర్చాను. చూడ్డానికి చాలా బాగుంది.

పొద్దున 7.6, సాయంత్రం 8.4 ఏంటో నాకు అర్థం కాలేదు. కిట్ తప్పా?

కావలి_రొయ్యలల్యాబ్ | మే 5, ఉదయం 7:34

కిట్ తప్పు లేదు. ఇది మా రొయ్యల చెరువుల్లో రోజూ చూసేదే. తెల్లవారుజామున పీహెచ్ కింద, మధ్యాహ్నం మూడుకి పైన. పగలు ఆకులు కార్బన్ డయాక్సైడ్‌ని లాగేసుకుంటాయి, పీహెచ్ ఎక్కుతుంది. రాత్రి మొక్కలు, చేపలు అన్నీ ఊపిరి వదులుతాయి, దిగుతుంది. మీ ఈస్ట్ బాటిల్ రాత్రంతా కూడా గ్యాస్ వదులుతూనే ఉంటుంది కాబట్టి ఇంకా దిగుతుంది.

నాకు పట్టేసింది వేరే లెక్క. బోరులో 11, తొట్టిలో 15. ఆ నాలుగు ఎక్కడ్నుంచి వచ్చాయి?

ఒంగోలు_రసాయనం | మే 5, ఉదయం 8:02

లెక్చరర్‌గా ఇరవై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పినవాడిగా నా మాట ఒకటి. బేతంచెర్ల బండ సున్నపురాయి. తొట్టి లోంచి ఒక ముక్క తీసి, తుడిచి, బాగా ఆరబెట్టండి. ఒక చోట మేకుతో గీకి, ఆ పొడి మీద నిమ్మరసం నాలుగు చుక్కలు వేయండి. ఇసుకకి కూడా విడిగా అదే పరీక్ష చేయండి. వెనిగర్ కంటే నిమ్మరసమే నయం, ఇంట్లో ఉంటుంది, పులుపు ఎక్కువ.

వేదాయపాలెం_నాన్న | మే 5, సాయంత్రం 6:45

సార్, చేశాను. పాప టార్చి పట్టుకుంది. నున్నటి చోట వేస్తే ఏమీ కనపడలేదు. మేకుతో గీకిన గీత మీద వేయగానే సన్నటి నురగ లేచింది, ఆవగింజంత బుడగలు ఒకదాని వెనక ఒకటి. చెవి దగ్గర పెట్టుకుంటే చిటచిటమని వినపడింది కూడా. అర నిమిషానికి ఆ చోట రాయి బూడిద రంగు నుంచి తెల్లగా పాలిపోయింది. ఇసుక మీద పోస్తే ఏమీ లేదు, తడిసి ఊరుకుంది.

ఒంగోలు_రసాయనం | మే 5, రాత్రి 8:30

దొరికింది. ఇప్పుడు ఓపిగ్గా చదవండి, ఎందుకంటే మీరు నాలుగుసార్లు వేసిన పొడి ఎక్కడికి పోయిందో ఇందులోనే ఉంది.

కేహెచ్ అంటే నీళ్లలో ఉన్న బైకార్బనేట్. యాసిడ్ వేస్తే అది ఎదురెళ్లి తాగేస్తుంది, తాను కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది. ఆ గ్యాస్ నీళ్లలో ఉన్నంతసేపు పీహెచ్ తక్కువ కనపడుతుంది. మీరు గంటకి చూసిన 7.2 అదే. తర్వాత గ్యాస్ గాల్లో కలిసిపోతుంది, పీహెచ్ మళ్లీ పైకి లేస్తుంది. పొడి వేసిన ప్రతిసారీ కొంత కేహెచ్ ఖర్చవుతుంది నిజమే, కానీ మీ వెనక గోడంతా సున్నపురాయి కూర్చుని ఉంది. ఖర్చయినంతా అది మళ్లీ నింపేస్తోంది. పైగా మీరిచ్చే కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో కార్బానిక్ ఆమ్లం అవుతుంది. మొక్క తినాల్సిన గ్యాస్‌లో కొంత ఆ బండని కరిగించడానికి పోతోంది. కర్నూలు వైపు గుహలు ఏర్పడింది ఈ రసాయన చర్యతోనే.

ఇంకొకటి. ఇలాంటి పొడుల్లో చాలావాటిలో ఫాస్ఫేట్ ఉంటుంది. అది పాచికి మేత. రెండు వారాల్లో అద్దం మీద పచ్చగా పట్టొచ్చు, అప్పుడు బెదిరిపోకండి.

కార్బన్ డయాక్సైడ్ ఎంత ఉందో మీరే లెక్కేసుకోవచ్చు. కేహెచ్‌ని 3తో గుణించండి. పీహెచ్ 7 అయితే అదే జవాబు. పీహెచ్ 8 అయితే దాంట్లో పదో వంతు. మీ తొట్టిలో ఉదయం 7.6 దగ్గర లీటరుకి సుమారు 11 మిల్లీగ్రాములు, సాయంత్రం 8.4 దగ్గర 2 కూడా లేదు. మొక్కలకి 20 నుంచి 30 ఉంటే హాయి. ఆ పొడి వేసిన రోజు మాత్రం ఈ లెక్క పనికిరాదు, ఫాస్ఫేట్ కూడా పీహెచ్‌ని పట్టుకుని ఉంటుంది కాబట్టి.

రాళ్లు మొత్తం తీసేయండి. మెట్లు కావాలంటే మా చీమకుర్తి గ్రానైట్ ముక్కలు పెట్టుకోండి, కట్టింగ్ దగ్గర వ్యర్థం గుట్టలుగా ఉంటుంది. నీళ్లలో కరిగేది కాదు.

పొదలకూరు_నిమ్మతోట | మే 5, రాత్రి 9:15

లేదంటే సైదాపురం వైపు నుంచి పలుగురాళ్లు తెప్పించుకోండి. తెల్లగా, గాజులాగా మెరుస్తాయి, నీళ్లని ఏమీ చేయవు. కాకపోతే తెల్లగా ఉన్న ప్రతి రాయీ పలుగురాయి కాదండీ. పాలరాయి చిప్స్‌ని కూడా అదే పేరుతో అమ్ముతారు. నిమ్మకాయ పరీక్ష చేసుకోకుండా ఏదీ లోపల పెట్టొద్దు.

కావలి_రొయ్యలల్యాబ్ | మే 5, రాత్రి 9:40

రాళ్ల సంగతి తేలింది. ముందు ఉన్న నాలుగు నియాన్లని కాపాడుకుందాం.

కిట్ చూపించే అమోనియా రెండు రూపాల మొత్తం. అమోనియం చేపని పెద్దగా బాధించదు, అమోనియా మొప్పల్ని కాల్చేస్తుంది. పీహెచ్ పెరిగేకొద్దీ రెండోది పెరుగుతుంది. 30 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7 దగ్గర విషరూపం నూటికి ఒక పాలు కూడా ఉండదు. 7.6 దగ్గర 3 పాళ్లు. 8.4 దగ్గర 17 పాళ్లు. మీ 1 పీపీఎం ఉదయం 0.03, సాయంత్రం 0.17. చేపకి 0.05 దాటితేనే కష్టం మొదలు. మీ నియాన్లు ఏ వేళ పోతున్నాయో గమనించారా?

వేదాయపాలెం_నాన్న | మే 5, రాత్రి 9:48

అన్నీ సాయంత్రం, రాత్రి పూటే అన్నా. పొద్దున బాగుండేవి, నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి పక్కకి ఒరిగి ఉండేవి.

కావలి_రొయ్యలల్యాబ్ | మే 5, రాత్రి 10:10

అదే. ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. మీ తొట్టి లెక్కకి 106 లీటర్లు, ఇసుక, పైన ఖాళీ పోను 85 అనుకుందాం. రోజూ పావు వంతు నీళ్లు మార్చండి, నాలుగు రోజులు. అమోనియా, నైట్రైట్ రెండూ పలచబడతాయి. బ్యాక్టీరియాకి ఏమీ కాదు.

నైట్రైట్‌కి ఉప్పు. నైట్రైట్ మొప్పల్లోంచి రక్తంలోకి వెళ్లి ఆక్సిజన్ మోసే శక్తిని చంపేస్తుంది, మొప్పలు గోధుమరంగుకి తిరుగుతాయి. నీళ్లలో క్లోరైడ్ ఉంటే అదే ద్వారం దగ్గర అడ్డం నిలబడుతుంది. రొయ్యల చెరువులో ఉప్పదనం ఉంటుంది కాబట్టి మాకు ఆ రక్షణ ఊరికే వస్తుంది. మంచినీళ్ల తొట్టికి మనం వేయాలి. 10 లీటర్లకి 1 గ్రాము చాలు. మీ తొట్టికి టీస్పూన్ నిండా ఒకటి, మరో అర. అయోడిన్ కలపని రాళ్ల ఉప్పు, మగ్గులో కరిగించి నిదానంగా పోయండి. ఈ మోతాదుకి మొక్కలు మాడవు. తర్వాత నీళ్లు మార్చినప్పుడు తీసిన నీళ్లకి సరిపడా మాత్రమే మళ్లీ వేయండి.

లైటు పది గంటలు వద్దు, ఆరుకి తగ్గించండి. రాత్రి గాలి పంపు వేయండి. ఈస్ట్ బాటిల్‌కి రాత్రీ పగలూ తేడా తెలియదు.

ఆత్మకూరు_కుర్రాడు | మే 5, రాత్రి 10:22

అన్నా, నిన్న నేను తెలియక రాశాను, సారీ. మా బాబాయి చెరువులకి జియోలైట్ (అమోనియాని పట్టుకునే ఖనిజం) వేస్తాడు అమోనియా కోసం. ఇక్కడ కూడా వేయొచ్చా? ప్రోబయోటిక్ (మంచి బ్యాక్టీరియా మందు) కూడా ఇంట్లో ఉంది.

కావలి_రొయ్యలల్యాబ్ | మే 5, రాత్రి 10:37

మంచి ప్రశ్న తమ్ముడూ. నిజానికి జియోలైట్ ఉప్పు చెరువులో కంటే మంచినీళ్లలోనే బాగా పనిచేస్తుంది, ఉప్పు నీళ్లలో సోడియం దాని చోటంతా ఆక్రమిస్తుంది. అయితే ఇప్పుడు మనం ఉప్పు వేస్తున్నాం. రెండూ కలిపితే పట్టుకున్న అమోనియాని కొంత వదిలేసే ప్రమాదం ఉంది. పైగా అమోనియా మొత్తం అది లాగేస్తే బ్యాక్టీరియాకి తిండి ఉండదు. అందుకే వద్దంటాను. చెరువు ప్రోబయోటిక్‌లో ఎక్కువగా బాసిల్లస్ ఉంటుంది, అడుగు మడ్డిని కుళ్లించడానికి. నైట్రైట్‌ని తినేది వేరే జాతి.

దానికంటే వెయ్యి రెట్లు నయమైనది, నెల్లూరులో ఎవరికైనా పాత తొట్టి ఉంటే దాని స్పాంజి.

దర్గామిట్ట_గప్పీ | మే 5, రాత్రి 10:51

నా తొట్టికి మూడేళ్లు. బైక్ మీద పది నిమిషాలు. రేపు సాయంత్రం వచ్చి సగం స్పాంజి కోసుకుని పట్టుకెళ్లండి అన్నా. జబ్బు ఏమీ లేదు, ఏడాదిగా కొత్త చేప కూడా వేయలేదు. తడి ఆరకుండా తొట్టి నీళ్లతోనే కవర్లో కట్టిస్తాను. ఇంటికి వెళ్లగానే మీ ఫిల్టర్‌లో పెట్టేయాలి, రాత్రంతా కవర్లో ఉంచితే బ్యాక్టీరియా గాలి లేక చచ్చిపోతుంది.

వేదాయపాలెం_నాన్న | మే 5, రాత్రి 11:02

తప్పకుండా వస్తాను తమ్ముడూ, ఈ మేలు మర్చిపోను. మార్చే నీళ్లు ఏవి పోయాలి? బోరువేనా? మున్సిపల్ కుళాయి నీళ్లు చూశాను: కేహెచ్ 5, జీహెచ్ 8. ఆర్వో క్యాన్ నీళ్లు కూడా దొరుకుతాయి.

ఒంగోలు_రసాయనం | మే 6, ఉదయం 6:30

కుళాయి నీళ్లు అంత మెత్తగా ఉంటే ఇంకేం కావాలి. పెన్న పుణ్యం. మాకు ఒంగోల్లో సాగర్ కాలువ నీళ్లు, అవి కూడా బోరుతో పోలిస్తే అమృతం. రోజుకి పావు వంతు కుళాయి నీళ్లు మారిస్తే, రాళ్లు తీసేశాక, మీ కేహెచ్ 15 నుంచి 12.5కి, రెండో రోజు 10.6కి, మూడో రోజు 9.2కి దిగుతుంది. చేపలకి ఆ వేగం ఫర్వాలేదు. ఆఖరికి 6, 7 దగ్గర నిలబెట్టండి.

పొదలకూరు_నిమ్మతోట | మే 6, ఉదయం 7:45

సార్, మీ లెక్క సరైనదే, కానీ అసలు ఎందుకు దించాలన్నది నా ప్రశ్న. నేను ఆరేళ్లుగా బోరు నీళ్లతోనే పెంచుతున్నాను. మాకు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లగా పెచ్చు కడుతుంది, అంత గట్టివి. వాలిస్నేరియా, హార్న్‌వర్ట్, హైగ్రోఫిలా, క్రిప్టో అడవిలా పెరిగాయి. మోలీలు, గప్పీలు, ప్లాటీలు పిల్లల మీద పిల్లలు పెడతాయి. మన నీళ్లకి సరిపోయే చేపని తెచ్చుకుంటే ఈ తిప్పలన్నీ ఉండవు కదా. నియాన్ అమెజాన్ వైపు మెత్తటి, పులుపు నీళ్ల చేప. దాని కోసం నీళ్లని రోజూ మార్చుకుంటూ కూర్చుంటే ఏదో ఒక రోజు కరెంటు పోతుంది, లేదా మనం ఊరెళ్తాం, అంతటితో పోతాయి.

ఒంగోలు_రసాయనం | మే 6, ఉదయం 8:10

అమ్మా, చేప విషయంలో మీ మాటకి ఎదురు లేదు. కానీ ఆయన గ్యాస్ ఇస్తున్నారు. కేహెచ్ 15 దగ్గర పీహెచ్ 7.2కి దించాలంటే ఈస్ట్ బాటిల్ శక్తి చాలదు. అదీగాక మోలీలకి కేహెచ్ 7 తక్కువేమీ కాదు, జీహెచ్ 10 పైన ఉంటే సంతోషంగా ఉంటాయి. కాబట్టి మధ్యే మార్గం: మూడు వంతులు కుళాయి, ఒక వంతు బోరు. ఇది ఆయన ఎల్లకాలం చేసుకోగలిగింది.

పొదలకూరు_నిమ్మతోట | మే 6, ఉదయం 8:32

ఆ మిశ్రమమైతే నాకూ సమ్మతమే సార్. రోజుకొక పొడి వేసే పద్ధతే వద్దన్నాను.

కనిగిరి_తొట్టి | మే 6, మధ్యాహ్నం 1:20

ఆర్వో క్యాన్ అన్నారు కాబట్టి నా అనుభవం చెప్పాలి. మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్, ఉప్పు రెండూ. తాగడానికి క్యాన్లే. తొట్టికి కూడా మంచిది ఇస్తున్నాననుకుని పూర్తిగా క్యాన్ నీళ్లే పోశాను. నీళ్లలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటర్‌లో 40 చూసి మురిసిపోయాను. కేహెచ్ కొలిచే ఆలోచనే లేదు. ఐదో వారం ఒక ఉదయం పీహెచ్ కిట్ అన్నిటికంటే కింది రంగు చూపించింది, అంటే 6 లేదా అంతకంటే కింద. అప్పటిదాకా సున్నా ఉన్న అమోనియా మళ్లీ లేచింది. నత్తల చిప్పలు సున్నం రాలిపోయి గుంటలు పడ్డాయి. రాత్రికి రాత్రి తొమ్మిది ప్లాటీలు పోయాయి. ఆ రోజు తొట్టి వైపు చూడలేక గుడ్డ కప్పేశాను.

కావలి_రొయ్యలల్యాబ్ | మే 6, మధ్యాహ్నం 1:55

మీకు జరిగింది అందరికీ తెలియాలి. బ్యాక్టీరియా అమోనియాని నైట్రేట్‌గా మార్చేటప్పుడు ఆమ్లం పుడుతుంది. 1 గ్రాము అమోనియా నైట్రోజన్‌కి సుమారు 7 గ్రాముల ఆల్కలినిటీ (కేహెచ్ కొలిచేది దాన్నే) ఖర్చు. ఆర్వో నీళ్లలో ఆ డబ్బులే లేవు. అయిపోగానే పీహెచ్ కూలుతుంది, బ్యాక్టీరియా పని ఆపేస్తుంది, అమోనియా పేరుకుంటుంది. పీహెచ్ తక్కువున్నంతసేపు అది అమోనియం రూపంలో ఉంటుంది కాబట్టి చేప బతికే ఉంటుంది. అప్పుడు గాబరాగా వంటసోడా గుప్పించారనుకోండి, ఒక్కసారిగా విషం అవుతుంది. ముందు నీళ్లు మార్చి అమోనియా తగ్గించాలి, తర్వాతే సోడా. మోతాదు 100 లీటర్లకి 3 గ్రాములు వేస్తే కేహెచ్ 1 పెరుగుతుంది. రోజుకి 1, 2 మించి పెంచొద్దు.

కనిగిరి_తొట్టి | మే 6, మధ్యాహ్నం 2:10

అచ్చంగా అదే చేశాను సార్, దోసెడు సోడా పోశాను. ఇప్పుడు తెలిసింది. ఇప్పుడైతే నాలుగు వంతులు క్యాన్, ఒక వంతు బోరు కలుపుతున్నాను. ఏడు నెలలుగా కేహెచ్ 4 దగ్గర కదలకుండా ఉంది.

దర్గామిట్ట_గప్పీ | మే 6, సాయంత్రం 4:05

నాన్నగారూ, కుళాయి నీళ్లు నేరుగా పోయకండి, క్లోరిన్ ఉంటుంది. బకెట్‌లో పట్టి గాలి రాయి (పంపు గాలిని బుడగలుగా వదిలేది) వేసి ఒక రోజు ఉంచండి. తొందరైతే క్లోరిన్‌ని తీసేసే హైపో స్ఫటికాలు. ఒకప్పుడు ఫొటో స్టూడియోల్లో వాడేవాళ్లే, అవి. 100 లీటర్లకి ఒక గ్రాము ధారాళంగా సరిపోతుంది.

వేదాయపాలెం_నాన్న | మే 8, రాత్రి 9:20

రాళ్లన్నీ తీసేశాను. ఒక్కొక్కటి తీస్తుంటే అడుగున క్రిప్టో వేర్లు చుట్టుకుని ఉన్నాయి, పాప చిన్న కత్తెరతో విడదీసింది. దర్గామిట్ట తమ్ముడి స్పాంజి పెట్టి రెండు రోజులు. నల్లగా, చెరువు మట్టి వాసన వస్తోంది, దుర్వాసన లేదు. ఉప్పు వేశాను. రెండుసార్లు నీళ్లు మార్చాను.

సాయంత్రం పీహెచ్ 8.0, అమోనియా 0.5, నైట్రైట్ 2, కేహెచ్ 11. నిన్న ఒక నియాన్ పోయింది, మూడు ఉన్నాయి. నీళ్లు కొంచెం తేటపడ్డాయి.

కావలి_రొయ్యలల్యాబ్ | మే 8, రాత్రి 9:41

0.5, పీహెచ్ 8.0 అంటే విషరూపం 0.04 దగ్గర. గీత దాటి ఇవతలికి వచ్చాం. నైట్రైట్ ఇంకా వారం పదిరోజులు వేధిస్తుంది, కొన్నిసార్లు పెరిగి ఆ తర్వాత పడిపోతుంది. మార్చడం ఆపొద్దు.

వేదాయపాలెం_నాన్న | మే 12, మధ్యాహ్నం 3:30

ఇవాళ పొద్దుటి నుంచి కరెంటు లేదు. నీళ్లు 32 డిగ్రీలు. చేపలు పైకొచ్చి నోరు తెరుస్తున్నాయి. ఐసు ముక్కలు వేయనా?

దర్గామిట్ట_గప్పీ | మే 12, మధ్యాహ్నం 3:34

ఐసు వద్దు అన్నా. ముందు ఈస్ట్ బాటిల్ గొట్టం తీసేయండి. మగ్గుతో నీళ్లు ముంచి జానెడు ఎత్తు నుంచి తొట్టిలోకే పోస్తూ ఉండండి, పది నిమిషాలకోసారి. మూత తీసేయండి. బ్యాటరీ పంపు నా దగ్గర ఉంది, పావుగంటలో మీ గుమ్మం ముందు ఉంటాను.

వేదాయపాలెం_నాన్న | మే 12, రాత్రి 8:15

అన్నీ బతికాయి. తమ్ముడికి మా ఆవిడ భోజనం పెట్టకుండా పంపలేదు. పాప, నేను మార్చి మార్చి మగ్గుతో పోశాం. ఇప్పుడు తొట్టి పైన చిన్న ఫ్యాను పెట్టాను, 32 నుంచి 29కి దిగింది. కానీ రోజుకి అంగుళం పైగా నీళ్లు ఆవిరైపోయేట్టున్నాయి.

ఒంగోలు_రసాయనం | మే 12, రాత్రి 8:50

ఆవిరయ్యేది నీళ్లు మాత్రమే, సున్నం, ఉప్పు తొట్టిలోనే ఉండిపోతాయి. తగ్గిన నీళ్ల చోట బోరు పోస్తూ పోతే వేసవి పూర్తయ్యేసరికి జీహెచ్ మళ్లీ 24. తగ్గినంత నింపడానికి ఆర్వో వాడండి, మార్చడానికి మీ మిశ్రమం వాడండి. ఈ రెండు పనులూ వేరు.

వేదాయపాలెం_నాన్న | మే 19, రాత్రి 9:05

అమోనియా మూడు రోజులుగా సున్నా! నైట్రైట్ 0.5. నైట్రేట్ 20. మూడు నియాన్లూ ఉన్నాయి. కానీ హైగ్రోఫిలా కొత్త ఆకులు పసుపుగా వస్తున్నాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. క్రిప్టోలు రెండు జిగురులా కరిగిపోయాయి.

పొదలకూరు_నిమ్మతోట | మే 19, రాత్రి 9:30

క్రిప్టో గురించి బెంగ వద్దు. నీళ్లు మారినా, వేర్లు కదిపినా ఆకులు రాల్చేస్తుంది. వేరు గట్టిగా ఉంటే పీకకండి, మూడు వారాల్లో కొత్త ఆకు వస్తుంది.

పసుపాకు మాత్రం నాకు ఇంట్లో జబ్బు. మా నిమ్మతోటలో సున్నం ఎక్కువున్న మడిలో అచ్చం ఇలాగే వస్తుంది, కొత్త ఆకు పసుపు, ఈనె పచ్చ. ఇనుము లేక కాదు, పీహెచ్ ఎక్కువై అందక. తొట్టిలో కూడా అంతే. ఇనుము మందు కొనేటప్పుడు ఈడీటీఏ రకం కాకుండా డీటీపీఏ రకం అడగండి (ఇనుముని నీళ్లలో కరిగి ఉండేట్టు పట్టుకునే పదార్థాలు ఇవి). ఈడీటీఏ పట్టు పీహెచ్ 6.5 దాటితే సడలిపోతుంది, డీటీపీఏ 7.5 దాకా పట్టుకుంటుంది. స్వోర్డ్‌కి, క్రిప్టోకి వేరు దగ్గర ఎరువు గుళిక గుచ్చండి, అవి వేర్లతో తినే మొక్కలు. ఇప్పటికే పసుపైన ఆకు మళ్లీ పచ్చబడదు, దాని తర్వాత వచ్చే ఆకుని చూడండి.

వేదాయపాలెం_నాన్న | జూన్ 2, రాత్రి 8:40

ఈరోజుకి 48 రోజులు. ఉదయం 6 గంటలకి పీహెచ్ 7.1, సాయంత్రం 7.5. అమోనియా 0, నైట్రైట్ పది రోజులుగా 0, నైట్రేట్ 10. కేహెచ్ 7, జీహెచ్ 12. ఉప్పు వేయడం మానేశాను. వారానికి ఒకసారి పావు వంతు మారుస్తున్నాను. చీమకుర్తి ముక్కలు సార్ చెప్పినట్టే తెప్పించి, నిమ్మకాయ పరీక్ష చేసి పెట్టాను. నల్ల రాయి మీద వెండి చుక్కలు లైటుకి మెరుస్తున్నాయి.

హైగ్రోఫిలా కొసన రెండు ఆకులు పచ్చగా వచ్చాయి. మధ్యాహ్నం రెండింటికి వాలిస్నేరియా ఆకు అంచు నుంచి సన్నటి దారంలా బుడగలు పైకి పోతున్నాయి. పాప వాటిని ఒక నిమిషంలో 34 లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాసుకుంది. మోలీ పిల్లలు ఏడు కనిపించాయి. కొత్తగా నియాన్లు కొనను. ఉన్న మూడింటిని మాత్రం బాగా చూసుకుంటాం.

కావలి_రొయ్యలల్యాబ్ | జూన్ 2, రాత్రి 8:58

చాలా సంతోషం నాన్నగారూ. నైట్రేట్ 10 కంటే కిందికి పోతే చెప్పండి, మొక్కలకి తిండి తగ్గుతుంది. నైట్రేట్ కిట్ రెండో సీసాని అర నిమిషం గట్టిగా ఊపుతున్నారు కదా? ఊపకపోతే తక్కువ చూపిస్తుంది.

వేదాయపాలెం_నాన్న | జూన్ 2, రాత్రి 9:03

ఊపుతున్నాను అన్నా, పాప గడియారం చూసి ఆపమంటేనే ఆపుతాను.

బుజబుజనెల్లూరు_కొత్త | జూన్ 7, ఉదయం 10:15

అన్నా, ఈ చర్చ మొత్తం రెండుసార్లు చదివాను. నేను నిన్ననే రెండడుగుల తొట్టికి మొక్కలు నాటాను. బోరు కేహెచ్ 12, కుళాయి 5. రాళ్లకి నిమ్మకాయ పరీక్ష చేశాను, ఏమీ పొంగలేదు. చేపలు ఇంకా వేయలేదు. స్పాంజి ఎవరైనా ఇస్తారా?

వేదాయపాలెం_నాన్న | జూన్ 7, ఉదయం 10:22

నాది పట్టుకెళ్లండి తమ్ముడూ. ఇవాళ ఆదివారం, ఇంట్లోనే ఉంటాను. మూతున్న డబ్బా తెచ్చుకోండి, తొట్టి నీళ్లు నేను పోసిస్తాను. పెట్టాక చేపల్ని వెంటనే వేయకండి. అమోనియా, నైట్రైట్ రెండూ వరసగా మూడు రోజులు సున్నా చూశాక రెండు మోలీలతో మొదలెట్టండి. మా పాప ఏడు పిల్లల్లో రెండు మీకు ఇస్తానని ఇప్పుడే చెప్పింది.